గడియారం లేని గది

గువ్వ నా భార్య బతుకుని అమ్ముకుంది. ఇందులో అటూ ఇటూ మాట్లాడడానికి ఏమీ లేదు. కాదనేవాళ్లు కొందరున్నారు. వాళ్లతో నాకు పని లేదు.

గువ్వ అన్నది ఆమె అసలు పేరు కాదు, నా భార్య పెట్టిన ముద్దుపేరు. కాలేజీలో అడ్మిషన్ల ఆఫీసు నా చేతిలో ఉన్న రోజుల్లో, రాళ్ల క్వారీ పక్కనున్న బడి నుంచి వచ్చిన పిల్ల. నేను సీటిచ్చాను. నా భార్య ఇల్లిచ్చింది. ఆఫీసులో నన్ను సార్ అనేది, ఇంటికొస్తే బాబాయ్ అనేది. నా భార్యను మాత్రం ఎక్కడైనా పిన్నీ అనే పిలిచేది. మాకు పిల్లలు లేరు. ఆ పిలుపు మా ఇంట్లో ఎంత పని చేసిందో వేరే చెప్పక్కర్లేదు.

నేను చదివింది పల్లెటూరి బడిలో. అదే ఆఫీసులో గుమాస్తాగా చేరి, అదే ఆఫీసుకి పెద్దనయ్యాను. నా గురించి ఈ మాత్రం చాలు.

మా కాలేజీలో తొలిమెట్టు సీట్లని కొన్ని ఉండేవి. ఇంట్లో అంతకుముందు ఎవరూ కాలేజీ గుమ్మం తొక్కని పిల్లల కోసం పెట్టినవి. వాటికి ఇంటర్వ్యూ జరిగే గదిలో గోడకి పెద్ద గడియారం ఉండేది. ప్రశ్న వేయడం, గడియారం వంక చూడడం, తర్వాతి వాళ్లని పిలవడం. అట్లాంటి గదిలోనే, వేరే కాలేజీలో, నా భార్యకి సీటు పోయింది. మా పెళ్లికి ముందు సంగతి. నీ గురించి ఏదైనా చెప్పమ్మా అన్నారట. చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చూసుకునేలోగా చాలు వెళ్లమన్నారు. మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చాక మొదటి వాక్యం దొరికిందట. ఆ మాట నవ్వుతూ చెప్పేది. నాకు నవ్వొచ్చేది కాదు.

ఆఫీసు నా చేతికి రాగానే చేసిన మొదటి పని ఆ గడియారం తీయించడం. రెండోది, పిల్లలకి బల్ల అవతల వేసే కుర్చీ ఎత్తించి మా వైపే వేయించడం. ప్రశ్న ఒక్కటే: నీకు బాగా వచ్చిన పని ఒకటి చెప్పు. అడిగాక మేం నోరు మూసుకుని ఎదురుచూసేవాళ్లం. ఎంతసేపైనా సరే. మొదట్లో నా పక్కన కూర్చునే లెక్కల లెక్చరర్ ముళ్ల మీద ఉన్నట్టు కదిలేవాడు. తర్వాత అలవాటు పడ్డాడు. మా అటెండర్ ఒకటే వేళాకోళం.

"మీ ముందు కూర్చోబెడితే గోడైనా మాట్లాడుతుందండీ. మా ఆవిడ మీ గదిలోకి రాకుండా చూసుకోవాలి. ఆవిడ గడియారం ఉన్నా ఆగదు."

పేదవాళ్లమని రుజువు తెమ్మని ఎవర్నీ అడిగేవాళ్లం కాదు. అది కూడా నా భార్య పట్టుబట్టిందే. చదువుకోవడానికొచ్చిన పిల్ల చేత మా ఇంట్లో ఏమీ లేదని సంతకం పెట్టించుకుంటారా అని ఒకసారి ముఖం మీదే అడిగింది. అందుకని ఏ బడిలో చదివారన్నది మాత్రం చూసేవాళ్లం. మారుమూల బడుల్లో చదివితే చాలు. మిగతాది నమ్మకం.

అట్లా ఏళ్లు గడిచేసరికి మా గదికి ఒక రివాజు ఏర్పడింది. ఆగి ఆగి వచ్చిన మాట సొంత మాట. అడగ్గానే వచ్చిన మాట ఎవరో నేర్పి పంపిన మాట. ఇది ఎవరూ ఎక్కడా రాయలేదు. అయినా ఆ గదిలో అదే చట్టం.

గువ్వ మొదటిసారి ఆ గదిలో కూర్చున్నప్పుడు ఎంతకీ నోరు విప్పలేదు. లెక్చరర్ నా వంక చూశాడు. నేను చెయ్యెత్తి ఆగమన్నాను. చివరికి, రాయిని సుత్తితో తట్టినప్పుడు వచ్చే చప్పుణ్ణి బట్టి లోపల పగులుందో లేదో ఎట్లా తెలుస్తుందో చెప్పింది. చెప్తూ బల్లని వేలి కణుపుతో తట్టి చూపించింది. లెక్చరర్ కూడా బల్ల తట్టి చూసుకున్నాడు. సీటు ఇచ్చాం.

చదువయ్యాక మా ఆఫీసులోనే పనిలోకి తీసుకున్నాను. బస్సు చివరి స్టాపు దాటి కాలినడకన పోవాల్సిన బడులకి నాతో తీసుకెళ్లాను. పిల్లల కాళ్ల వంక చూడకూడదని చెప్పాను. చెప్పుల్లేని వాళ్లకి ఆ చూపు తెలుస్తుంది. హెడ్మాస్టరు మెచ్చుకునే పిల్లని వదిలేసి, కిటికీ పక్క కూర్చున్న పిల్లని అడగాలని చెప్పాను. నాకు వచ్చిందంతా ఆమె చేతిలో పెట్టాను. నా తర్వాత ఆ కుర్చీ ఆమెదే అనుకున్నాను. ఆ మాట అందరికీ చెప్పాను కూడా.

నా భార్య మంచాన పడ్డప్పుడు గువ్వే దగ్గరుంది. తల దువ్వింది, మందులు మింగించింది, పక్క గుడ్డలు మార్చింది. కాదనను. చేసింది. చేసింది కాబట్టే క్షమించను.

నా భార్య పోయిన కొన్నాళ్లకి గువ్వ ఉద్యోగం మానేసింది. కారణం అడిగితే, మాటలు రాని పిల్లలకి మాటలు నేర్పుతాను బాబాయ్ అంది. మంచి పనే అన్నాను. తలమీద చెయ్యి పెట్టి మరీ పంపాను.

ఆ మరుసటేడు ఇంటర్వ్యూల్లో పిల్లలు చాలా బాగా చెప్పారని లెక్చరర్ మురిసిపోయాడు. ఆ తర్వాతేడు ఇంకా బాగా చెప్పారు. ఆ తర్వాతది నేను చెప్పబోయే ఏడు.

ఆఖరి రోజున ఒక్క సీటు మిగిలింది. ఇద్దరు మిగిలారు. ఒకతె ఉప్పుమడుల బడి పిల్ల. ఆ బడిని వెతికి పట్టుకున్నది నేను. అక్కణ్ణుంచి కాలేజీ దాకా వచ్చిన మొదటి పిల్ల ఆమె. ఈసారి రాకపోతే వచ్చే ఏటికి ఆమె చేతికి పార ఇస్తారని వాళ్ల టీచర్ నాకు ముందే చెప్పింది. రెండోవాడు వెలిసిపోయిన చొక్కా వేసుకున్న కుర్రాడు. ఒక మారుమూల బడిలో ఆఖరి సంవత్సరం చదివాడు. అంతకుముందు ఎక్కడ చదివాడో మేం అడగం.

ముందు పిల్ల వచ్చింది. కూర్చుంటూనే, నేను ప్రశ్న ముగించేలోగా, చెప్పడం మొదలుపెట్టింది.

"ఉప్పు మొదట నీళ్ల మీద మీగడలా కడుతుందండీ. దాన్ని కదపకూడదు. దానంతట అదే మునగాలి. మునిగాక ఇంకొంచెం ఆగి గీకాలి. తొందరపడితే అడుగు బురద కూడా వచ్చేస్తుంది, ఉప్పు నల్లబడుతుంది. అంతేనండీ."

అంతే. చేతులు కట్టుకుని, ఇక వెళ్లనా అని అడిగింది. లెక్చరర్ పెన్ను పక్కన పెట్టి, ఇట్లా చెప్పమని ఎవరైనా నేర్పారా అని అడిగాడు. ఆ పిల్ల నిజం చెప్పింది.

"మా టీచర్ చెప్పారండీ. పెద్దవాళ్ల టైం తినెయ్యకు, అడగ్గానే చెప్పెయ్ అన్నారు."

లెక్చరర్ తలూపాడు. దొంగ దొరికినట్టు తలూపాడు.

తర్వాత కుర్రాడు. ప్రశ్న విన్నాడు. తల వంచుకున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. బల్ల మీదున్న నీళ్ల గ్లాసుని కొద్దిగా పక్కకి జరిపాడు. ఆ గదిలో మంచి పిల్లలు ఎంతసేపు ఆగుతారో అంతసేపు ఆగాడు. లెక్చరర్ అప్పటికే మెత్తబడ్డాడు. కుర్రాడు తలెత్తకుండానే మొదలుపెట్టాడు.

తన అమ్మ ఆస్పత్రి దుప్పట్లు ఉతికేదన్నాడు. తాను తొట్టి పక్కన కూర్చుని దుప్పట్లు వార్డుల వారీగా వేరు చేసేవాణ్ణన్నాడు. ప్రతి దుప్పటి మూలనా ఆ వార్డు అక్షరం ఎర్రదారంతో కుట్టి ఉంటుందనీ, సబ్బునురగలో అది కనపడదనీ, తడిమి చూసి చెప్పాలనీ అన్నాడు. అప్పుడు ఆ మాట అన్నాడు.

"నాకు అక్షరం ముందు వేలికి వచ్చిందండీ. కంటికి తర్వాత వచ్చింది."

లెక్చరర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అది నా భార్య మాట. ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా ఆమె మాట. దుప్పట్లు ఉతికింది ఆమె తల్లి. తొట్టి పక్కన కూర్చున్నది ఆమె. వాటిలో అంటురోగాల వార్డు దుప్పట్లు కూడా ఉండేవి. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి బడిలో ఎవరూ ఆమె పక్కన బెంచీ మీద కూర్చోలేదు. అందుకే ఆ మాట బయట ఎక్కడా అనేది కాదు. అక్కచెల్లెళ్లు లేరు, తల్లి ఎప్పుడో పోయింది. పెళ్లయి చాలాకాలం గడిచాక గానీ నాకే చెప్పలేదు. చెప్పి, మరి నా పక్కన కూర్చుంటారా అని అడిగింది. మంచం మీద ఉన్న రోజుల్లో, తన పక్క గుడ్డలు మారుస్తున్న గువ్వకి చెప్పింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఈ భూమ్మీద ఆ మాట తెలిసినవాళ్లం ఇద్దరమే.

కుర్రాడు బయటికి వెళ్లాక, ఆ కథ అతనిది కాదని చెప్పాను. ఎవరిదని లెక్చరర్ అడిగాడు. చెప్పక తప్పలేదు. నా భార్యది అన్నాను. మొత్తం చెప్పాను, వార్డు సంగతితో సహా. అతను కళ్లద్దాలు పెట్టుకుని, ఆస్పత్రి దుప్పట్లు ఉతికే తల్లులు ప్రపంచంలో ఒక్కరే ఉండరు కదండీ అన్నాడు. మెల్లగానే అన్నాడు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాం. సాక్ష్యం ఉంటే పొద్దున్న తీసుకురమ్మన్నారు, సీటు అప్పటిదాకా ఆపుతామన్నారు.

గువ్వ నడిపే చోటుకి అంతకుముందు నేను ఎప్పుడూ వెళ్లలేదు. కళ్లద్దాల దుకాణం మీద రెండో అంతస్తు. మెట్ల దగ్గర ఖరీదైన బూట్లు వరసగా విప్పి ఉన్నాయి. గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల గుండ్రటి బల్ల, ఒకే వైపు కుర్చీలు, నీళ్ల గ్లాసు. గోడ మీద గడియారం లేదు, అది ఉండాల్సిన చోట మేకు మాత్రం ఉంది. ఒక అమ్మాయి కుర్చీలో తల వంచుకుని కూర్చుంది. మిగతావాళ్లు గోడ వారగా నిలబడి చూస్తున్నారు. గువ్వ చెయ్యెత్తి పట్టుకుంది. ఆ అమ్మాయి మాట్లాడబోతే, ఇంకా లేదు అంటూ వేలు ఆడించింది. కాసేపటికి చెయ్యి దించింది. ఆ అమ్మాయి అప్పుడు నోరు తెరిచింది.

నేను లోపలికి వెళ్లాను. గువ్వ నన్ను చూసి పిల్లల్ని పంపేసింది. కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. కుర్రాడి సంగతి చెప్పాను. తేలుకుట్టిన దొంగలా ఉంటుందనుకున్నాను. లేదు. స్థిమితంగా ఉంది.

"బాబాయ్, ఆ రోజు నేను ఎందుకు మాట్లాడలేదో మీకు తెలుసా?"

తెలుసన్నాను. ఆలోచించుకుంటున్నావు అన్నాను.

"భయమేసింది. అంతే. ఆకలి కూడా. పొద్దున్నించీ ఏమీ తినలేదు, కళ్లు తిరుగుతున్నాయి. మీరేమో అందులో ఏదో ఉందనుకుని కళ్లప్పగించి చూశారు. బయటికి వచ్చాక అర్థమైంది, ఈ గదిలో ఏది చెల్లుతుందో. మీరు కొనేదే నేను అమ్ముతున్నాను. అందులో నా తప్పేముంది?"

ఉప్పుమడుల పిల్ల సంగతి చెప్పాను. ఆ పిల్లకి పార చేతికొస్తుందని చెప్పాను. గువ్వ కొద్దిగా తగ్గింది. పాపం అంది. నా దగ్గరికి పంపిస్తే ఊరికే నేర్పేదాన్ని కదా అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నేర్పితే నేర్పావు. మీ పిన్ని మాట ఎందుకిచ్చావు వాడికి?"

అప్పుడు తల దించుకుంది. నేర్పింది కాదు, నిజంగా దించుకుంది. ఆ తేడా నాకు తెలుసనే అప్పటికి అనుకున్నాను.

"మంచి మాట బాబాయ్ అది. ఆవిడతో పాటు పోవాల్సిన మాట కాదు. ఆ కుర్రాడి నాన్న మరీ పోరుపెడుతుంటే, నోటికొచ్చేసింది."

పొద్దున్న వచ్చి ఆ ముక్కే ప్రిన్సిపాల్ ముందు చెప్పమన్నాను. సీటు ఆ పిల్లకి పోవాలి, నాకింకేమీ అక్కర్లేదన్నాను. నీ చోటు మూయించమని కూడా అడగనన్నాను. నా చెయ్యి పట్టుకుంది. వస్తాను, పిన్ని మీద ఒట్టు, వస్తాను అంది. ఆ చెయ్యి నా భార్య తల దువ్విన చెయ్యి. నమ్మాను.

వచ్చింది. అన్న వేళకే వచ్చింది. మంచి చీర కట్టుకుని, ప్రిన్సిపాల్‌కి నమస్కారం పెట్టి కూర్చుంది. లెక్చరర్ ఉన్నాడు. నేనున్నాను. ప్రిన్సిపాల్ అడిగారు, సార్ గారి భార్య మీకు ఈ సంగతి చెప్పారా అని. గువ్వ కాసేపు మాట్లాడలేదు. తల వంచుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ గదిలో గడియారం ఉంది, దాని చప్పుడు వినపడుతోంది.

"లేదండీ. పిన్ని నాకు ఎప్పుడూ అట్లాంటిదేమీ చెప్పలేదు. ఆవిడ తల్లి ఏం చేసేదో కూడా నాకు తెలీదు. పిన్ని పోయినప్పట్నించీ సార్‌కి ఏది విన్నా ఆవిడే అన్నట్టు అనిపిస్తోంది. మొన్న కూడా ఒకసారి ఇట్లాగే అయింది. ఆయన్నేమీ అనకండి. నాకు తండ్రిలాంటివారు."

చెప్తుంటే కళ్లనీళ్లు కారాయి. అద్దాలు తీసి తుడుచుకోవడం ఈసారి ప్రిన్సిపాల్ వంతయింది.

నేను నిలబడ్డాను. ఆమె చెప్పింది అబద్ధమని అన్నాను. అనగానే నాకే వినపడింది, మతి చెడ్డ ముసలివాడు ఎట్లా అంటాడో అట్లా ఉంది. ప్రిన్సిపాల్ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి అన్నారు. లెక్చరర్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఇన్నేళ్లు నా పక్కన కూర్చున్నవాడు. అతనికి ఆ కథ అంత నచ్చింది మరి, వదులుకోలేకపోయాడు.

నడవలో గువ్వ నా వెనకే వచ్చింది. ఒకరి సంగతి ఒప్పుకుంటే ఇన్నేళ్ల పిల్లలందరి సీట్లూ తవ్వుతారు బాబాయ్, అందులో నిజంగా లేనివాళ్లు కూడా ఉన్నారు అంది. పిన్ని ఉంటే నన్ను అర్థం చేసుకునేది అంది. ఆ పిన్ని ఎవరని నేను అడగలేదు. పక్కవాళ్ల ముందు తనకేమీ చెప్పలేదన్న మనిషి పేరు నా ముందు ఎత్తింది. పిన్నికి తల్లే లేదన్నట్టు మాట్లాడిన నోటితో ఎత్తింది. నేను నడిచి వెళ్లిపోయాను.

సీటు కుర్రాడికి ఇచ్చారు. అతను తొలిమెట్టు పిల్లవాడిగా ఫొటో దిగాడు. అది కాలేజీ గుమ్మంలోనే పెట్టారు. దుప్పట్ల కథ దాని కింద అచ్చు వేశారు.

ఉప్పుమడుల పిల్లకి మామూలుగా అయితే ఆఫీసు నుంచి కబురు వెళ్తుంది. నేనే వెళ్లాను. మడి గట్టు మీద నిలబడి ఉంది. సీటు రాలేదని చెప్పాను. ఏడవలేదు. కొంగు అంచుతో చేతుల ఉప్పు తుడుచుకుంది.

"నేనేం తప్పు చెప్పానండీ?"

నువ్వు చెప్పిన దాంట్లో తప్పేమీ లేదమ్మా అన్నాను.

"మరి?"

చెప్పాలంటే మా గది సంగతి చెప్పాలి, గువ్వ సంగతి చెప్పాలి, ఇంకొక మనిషి దుప్పట్ల సంగతి చెప్పాలి. ఆ పిల్ల ముందు అవన్నీ ఎందుకు పనికొస్తాయి. వచ్చే ఏడు మళ్లీ రమ్మని అనడానికి నోరు రాలేదు. వచ్చే ఏడు నేనుండనని అప్పటికే అనుకున్నాను. ఆమె పార తీసుకుని మడిలోకి దిగింది.

అదే వారంలో ఉద్యోగం వదిలేశాను. నాకు సన్మానం చేస్తామన్నారు, వద్దన్నాను. ఇప్పుడు ఆఫీసు గువ్వ చేతిలో ఉంది. నేను అనుకున్న కుర్చీయే. ఆమెని అందులో కూర్చోబెట్టిన వాళ్లకి, నా శిష్యురాలినని చెప్పుకుందట. అటెండర్ అప్పుడప్పుడు వస్తాడు. మొదటిసారి ఆ ముక్క చెప్తే, నీళ్లు తాగి వెళ్లమన్నాను. తర్వాత నుంచి వాన గురించి, వాళ్లావిడ గురించి మాట్లాడుకుంటాం.

గువ్వ కూడా ఒకసారి వచ్చింది. గేటు దగ్గర నిలబడి బాబాయ్ అని పిలిచింది. నేను వరండాలోనే ఉన్నాను. ఆమెకి కనపడుతూనే ఉన్నాను. లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. చాలాసేపు నిలబడింది. నిలబడనీ.

ఈ కాగితం రాసింది ఒకందుకే. ఆ మాట కాలేజీ గుమ్మంలో ఇంకొకడి పేరు మీద వేలాడుతోంది. అది ఎవరిదో ఒక్కసారైనా సరిగ్గా రాసి ఉండాలి. రాశాను. నా భార్య బతికున్నన్నాళ్లూ దాచుకున్న సంగతి ఒకసారి ఆ కాలేజీలో నా నోటితో బయటపెట్టించారు. ఎవరూ నమ్మలేదు. రెండోసారి ఇక్కడ. మూడోసారి లేదు. గువ్వ గురించి గానీ, ఆ సీటు గురించి గానీ, దుప్పట్ల గురించి గానీ నన్నెవరూ అడగొద్దు. అడిగినా నేను పలకను.